ఒప్పుకుంటావా, కాదంటావా

ఆగస్టు 4

ఇవాళ మళ్ళీ కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. ఓనరుగారు నా కుర్చీ తుడిపించి పెట్టారు. ఏమీ అడగలేదు. పెట్టెలో లెన్సులు వరసగా సర్దుకుని కూర్చున్నాను.

మొదట వచ్చినావిడకి చూపు పరీక్ష చేశాను. "ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా?" అని అడుగుతూ లెన్సులు మారుస్తుంటే చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆవిడ, మొహానికి ఆ బరువు ఫ్రేము పెట్టుకునే, "మీకెంతమంది పిల్లలండీ?" అంది.

"ఒక్కతే అమ్మాయండీ."

"ఏం చేస్తోంది?"

"ఆటకెళ్ళింది" అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. అబద్ధం కూడా కాదు. ఆటకనే వెళ్ళింది.

ఆవిడ నంబరు తప్పు రాశాను. కొట్టేసి మళ్ళీ రాస్తే మళ్ళీ తప్పే వచ్చింది. ఓనరుగారు వచ్చి నా చేతిలోంచి పెన్ను మెల్లిగా తీసుకున్నారు.

ఆగస్టు 5

ఇవాళ ఎవరూ ఏమీ అడగలేదు. అదీ బాగాలేదు.

ఆగస్టు 8

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కెప్టెన్ వచ్చాడు. మా అమ్మాయి గువ్వ వాళ్ళ టీము కుర్రాడు. ఆ ప్లాస్టిక్ డిస్కు విసురుకునే ఆటలో వాళ్ళందరికీ పెద్ద. వాళ్ళు దాన్ని అల్టిమేట్ అంటారు. మేం ఇంట్లో ఎప్పుడూ ఫ్రిస్బీ అనే అనేవాళ్ళం. గువ్వ ప్రతిసారీ దిద్దేది, మేం ప్రతిసారీ మర్చిపోయేవాళ్ళం.

గువ్వ నీళ్ళ సీసా, టీషర్టు తెచ్చాడు. మైదానం గదిలో ఉండిపోయాయట. టీషర్టు ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చాడు. ఉతక్కుండా తెస్తే బాగుండేది. ఆ మాట అతనితో అనలేదు. పాపం, మంచికే చేశాడు.

"నెలాఖర్లో రూల్సు పరీక్ష ఉంది ఆంటీ. టోర్నమెంటుకి ముందు టీములో ప్రతివాళ్ళూ పాసవ్వాలి. ఎప్పుడూ గువ్వే పెట్టేది. ఈసారి నేను పెట్టాలి. నా వల్ల అవుతుందో లేదో" అన్నాడు.

అప్పుడు అడిగేశాను. ఆసుపత్రి వరండాలో వాళ్ళ టీము పిల్లలు గుసగుసలాడుకుంటుంటే చెవినపడ్డ మాట.

"ఆ రోజు ఫౌల్ అని అరిచింది అవతలి జట్టు పొడుగుపిల్లేనా?"

అతను షోకేసులో ఫ్రేములు చూస్తూ నిలబడ్డాడు. చివరికి, "అవును ఆంటీ" అన్నాడు.

"మా పిల్ల నేల మీద పడి ఉంటే, దాని నెత్తి మీద నిలబడి అరిచిందా?"

"అలా కాదాంటీ..."

"మరి అంపైర్ ఏమన్నాడు?"

"మా ఆటలో అంపైర్ ఉండడు."

నాకు అర్థం కాలేదు. అంపైర్ లేకుండా ఆటేమిటి? అతను నెమ్మదిగా చెప్పాడు. ఎవరికి తగిలిందో వాళ్ళే ఫౌల్ అనాలట. అవతలి మనిషి తన తప్పే అనుకుంటే ఒప్పుకోవాలి, కాదనుకుంటే కాదనాలి. అంతే. మధ్యలో ఇంకెవరూ ఉండరు.

"మరి గువ్వ ఏమంది?"

"తను ఏమీ అనలేకపోయింది ఆంటీ."

అంటే ఆ పిల్ల అన్న మాట అలాగే ఉండిపోయింది. కాదనేవాళ్ళు లేక.

ఆగస్టు 9

ఊరికే, ఆ రూల్సేవో తెలుసుకుందామనిపిస్తోంది. పొద్దుపోవడానికి. అంతే. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు.

ఆగస్టు 12

సాయంత్రం మైదానానికి వెళ్ళాను. ఎక్కడ జరిగిందో అడగలేదు. అడక్కపోయినా తెలిసింది. ఆ మూలకి ఎవరూ పోవడం లేదు.

గట్టు మీద కూర్చుని చూశాను. ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. డిస్కు చేతిలో ఉన్నవాళ్ళు పరిగెత్తకూడదు, ఒక కాలు నేలకి పాతేసినట్టు ఉంచి రెండో కాలే తిప్పుకోవాలి. ఎదురుగా నిలబడినవాడు పది లెక్కపెట్టేలోపు విసిరెయ్యాలి. డిస్కు నేలకి తగిలితే అవతలి జట్టుది. అటు చివర గీతలు గీసిన చోట పట్టుకుంటే పాయింటు. ఇంత తేలికని తెలిస్తే గువ్వ చెప్పినప్పుడు వినేదాన్నే. ఎప్పుడు చెప్పబోయినా "ముందు భోంచెయ్యి, తర్వాత చెబుదువుగాని" అనేదాన్ని.

మధ్యలో ఒకడు "ఫౌల్!" అని అరిచాడు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అరిచినవాడూ, గుద్దినవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకుని రెండు మాటలు మాట్లాడుకున్నారు. గుద్దినవాడు తలూపాడు. ఆట మళ్ళీ మొదలైంది. కాలర్లు పట్టుకోవడాల్లేవు, తిట్టుకోవడాల్లేవు.

"కాదంటే ఏమవుతుంది?" అని కెప్టెన్ని అడిగాను.

"డిస్కు విసిరినవాళ్ళ చేతికే తిరిగి వెళ్ళిపోతుంది ఆంటీ. అక్కణ్ణుంచి మళ్ళీ ఆడతాం."

"అబద్ధమాడితే?"

"ఆడొచ్చు. కానీ తర్వాత వాళ్ళ మొహం వాళ్ళు అద్దంలో చూసుకోవాలి కదా."

"మా షాపు నిండా అద్దాలే నాయనా. అబద్ధాలాడేవాళ్ళు రోజూ వచ్చి చక్కగా చూసుకునే పోతుంటారు" అన్నాను.

అతను నవ్వాడు. నేనూ నవ్వినట్టున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది.

"నాకూ నేర్పు. నేనూ పరీక్ష రాస్తాను" అని చెప్పి వచ్చాను. రాసే పరీక్ష కాదట. ఏమిటో ఎల్లుండి చెబుతానన్నాడు.

ఆగస్టు 13

ఎక్కడికెళ్ళావని ఆయన అడిగితే కూరలకని చెప్పాను. వచ్చేదారిలో కూరలు కొనే తెచ్చాను కాబట్టి అబద్ధం కాదు.

ఆయన ఇంకేం అడగలేదు. ఆయన అసలు ఏమీ అడగరు. పొద్దున్నే పనిముట్ల సంచీ వేసుకుని లిఫ్టులు బాగుచెయ్యడానికి పోతారు, వస్తారు, పేపరు తిరగేస్తారు. పొడుగుపిల్ల పేరెత్తితే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతారు. కూతురు ఆయనది కాదన్నట్టు.

కొట్టెయ్యాలి ఈ ఆఖరి ముక్క. ఉండనీ. ఎవరు చదువుతారు.

ఆగస్టు 17

పరీక్ష సంగతి ఇది. కాగితం మీద పెట్టేవాళ్ళు మొదట్లో. గువ్వే మార్పించిందట. "కాగితం మీద అందరూ హరిశ్చంద్రులే. మైదానంలో నిలబెట్టి అడగాలి" అందట. బళ్ళో లెక్కలు చెప్పే పిల్ల కదా, మార్కుల దగ్గర మొహమాటం లేదు.

అందర్నీ మైదానంలో నిలబెట్టి డిస్కు విసిరేదట. ఆట నడుస్తుండగా ఉన్నట్టుండి "ఆగండి!" అనేది. ఎవరో ఒకర్ని వేలెత్తి చూపించి, "ఏం జరిగింది? ఎవరి తప్పు? ఇప్పుడేం చెయ్యాలి?" మూడే ప్రశ్నలు. తడబడితే ఫెయిలు.

కెప్టెన్ని కూడా ఒకసారి ఫెయిల్ చేసిందట. గోల్ గీత మీద బొటనవేలు పెట్టి డిస్కు పట్టుకుని పాయింటొచ్చిందని గెంతాడట. "గీత మీద కాలుంటే గోల్లో లేనట్టే. దిగు, వారం తర్వాత రా" అందట.

"కెప్టెన్ని కదా, వదిలెయ్యమంటే ఏమందో తెలుసా ఆంటీ? నీ బొటనవేలు కెప్టెన్ కాదు కదా అంది."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఏడవలేదు. నాకిది కొత్త గువ్వ. ఇంట్లో ఈ గువ్వని నేను చూడలేదు. చచ్చిపోయాక కూడా పిల్లల గురించి కొత్త సంగతులు తెలుస్తుంటాయా? ఇంకా ఎన్నున్నాయి? అన్నీ తెలిసిపోయాక ఏం చెయ్యాలి?

పొడుగుపిల్ల అప్పట్నుంచీ ఆటకి రావడం లేదట. నాకేం సంతోషం వెయ్యలేదు. తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

ఆగస్టు 19

ఆ పిల్ల టైల్సు షోరూములో పనిచేస్తుందని కెప్టెన్ మాటల్లో దొర్లింది. షాపు నుంచి వచ్చేటప్పుడు దారి కాకపోయినా అటు వెళ్ళాను. మా బాత్రూంలో రెండు టైల్సు ఎప్పట్నుంచో పగిలి ఉన్నాయి.

నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఆసుపత్రిలో చూసి ఉంటుంది. ఎంత పొడుగు! తలెత్తి చూడాల్సి వచ్చింది. మొహం మాత్రం చిన్నపిల్లది.

"బాత్రూంకి టైల్సు కావాలి" అన్నాను.

"ర... రండి. ఏ రంగు చూపించమంటారు?"

"తెలుపు."

తెలుపులో ఎన్ని రకాలున్నాయో! ఒక్కొక్కటీ తీసి నా ముందు పెడుతోంది. రెండు టైల్సు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. చూపించినవన్నీ చూశాను. కావాలనే నెమ్మదిగా చూశాను. ఆ పిల్ల, "ఇది జారదండీ. దీని మీద తడిగా ఉన్నా జారరు" అంది. అని, ఎందుకో తన మాటకి తనే బెదిరినట్టు ఆగిపోయింది.

నేను అడుగుదామనుకున్నది ఒక్కటే. నీకు నోరెలా వచ్చింది? అడగలేదు. నమూనాకని ఒక టైలు తీసుకుని వచ్చేశాను. ఆ పిల్ల డబ్బులు తీసుకోలేదు.

ఆగస్టు 20

"ఈ టైలేమిటి?" అన్నారు ఆయన.

"బాత్రూంకి."

ఆయన దాన్ని తిప్పి వెనక ఉన్న షోరూము పేరు చదివారు. చదివి, నా వైపు చూసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టేశారు. ఎక్కడికెళ్ళావో నాకు తెలుసన్నట్టు. తిడితే బాగుండేది.

ఆగస్టు 23

వీడియో ఉంది. ఆ రోజు మ్యాచంతా ఎవరో ఫోన్లో తీశారట. కెప్టెన్ దగ్గరుంది.

"వద్దాంటీ" అన్నాడు.

"నాకు చూసే హక్కు లేదా?"

"ఉంది. కానీ వద్దు."

"పోనీ, పరీక్ష పాసైతే చూపిస్తావా? అప్పుడు నేనూ తెలిసినదాన్నే కదా. తల్లిలా కాదు, ఆట తెలిసిన మనిషిలా చూస్తాను."

డిస్కుని వేలి మీద తిప్పాడు. "పాసైతే సరే" అన్నాడు. ఫెయిలవుతానని ఆశ కాబోలు.

మనసులో ఉన్నది ఇక్కడైనా రాసుకోవాలి. గువ్వ కాదనలేకపోయింది. దాని బదులు నేను కాదంటాను. రూలు ప్రకారం, వాళ్ళ భాషలోనే, ఆ పిల్ల మొహం మీదే కాదంటాను. తర్వాత ఏమైనా కానీ.

ఆగస్టు 26

చదువుతున్నాను. వంటగట్టు మీద గ్లాసులు పెట్టి ఇది మనవాళ్ళు, ఇది అవతలివాళ్ళు అనుకుంటూ జరుపుతున్నాను. ఆయన వచ్చి నీళ్ళు తాగుదామని అవతలి జట్టులో ఒకణ్ణి తీసుకుపోయారు.

ముఖ్యమైనది: ఎవరైనా ఖాళీగా ఉన్న ఏ చోట్లోనైనా నిలబడొచ్చు. ఎగిరినవాళ్ళకి ఎగిరిన చోటే దిగే హక్కుంది, అక్కడికి ఎవరూ దూరకూడదు. డిస్కు వైపే చూస్తూ పరిగెత్తుతున్నా సరే, మనిషిని చూసుకోవలసిన పూచీ వచ్చేవాళ్ళదే. "డిస్కుని చూస్తున్నాను, నిన్ను చూడలేదు" అనేది జవాబు కాదు.

దొరికింది. ఆ పిల్ల గువ్వ దిగే చోట్లోకి దూరి ఉంటుంది. అంత పొడుగు మనిషి, చూసుకోవద్దూ?

ఆగస్టు 30

పాసయ్యాను.

పొద్దున ఎండ ముదరకముందే పెట్టారు. నా వయసువాళ్ళు ఎవరూ లేరు. చీర కట్టుకుని మధ్యలో నిలబడితే నా మీదకి విసిరిన డిస్కు కూడా మర్యాదగా వచ్చినట్టనిపించింది.

"ఆగండి! ఆంటీ, ఏం జరిగింది?"

"ఆ అబ్బాయి డిస్కు పట్టుకుని పాతిన కాలు ఎత్తేశాడు."

"ఎవరి తప్పు?"

"అతనిదే. డిస్కు అక్కడే ఉంచి, కాలు మళ్ళీ పాత చోట పెట్టించి ఆడించాలి."

ఇంకోసారి, ఎదురుగా నిలబడిన అమ్మాయి పది అంకెలూ గబగబా మింగేసింది. అదీ పట్టాను. గీత మీద బొటనవేలు ప్రశ్న కూడా అడిగాడు. నవ్వుతూ చెప్పాను, అతనూ నవ్వాడు. నాకు చేతులూ కాళ్ళూ తేలిగ్గా అనిపించాయి. గువ్వ ఇక్కడే ఎక్కడో నిలబడి మార్కులు వేస్తున్నట్టుంది.

"పాసయ్యారు ఆంటీ, చాలు" అన్నాడు.

"ఎగిరేది అడగలేదేం?"

"అక్కర్లేదు."

"అడుగు బాబూ. అందర్నీ అడిగి నన్ను వదిలేస్తే పాసెలా అవుతాను? గువ్వ ఉంటే ఒప్పుకునేదా?"

ఇద్దరబ్బాయిల్ని నిలబెట్టాడు. డిస్కు పైకి విసిరాడు. ఒకడు నిలబడ్డ చోటే పైకెగిరాడు. రెండోవాడు వెనక నుంచి పరిగెత్తుకొచ్చి, మీద పడబోయి, చేతుల్తో ఆపుకున్నాడు. "ఆగండి" అన్నాడు కెప్టెన్, దాదాపు వినపడకుండా.

"వెనక నుంచి వచ్చినవాడిది తప్పు" అన్నాను. "ముందువాడు తన చోట్లోనే ఎగిరాడు. అక్కడే దిగే హక్కు అతనికుంది. వచ్చేవాడు చూసుకోవాలి. డిస్కుని చూస్తున్నానంటే కుదరదు."

"ముందువాడు ఫౌల్ అంటే?"

"వచ్చినవాడు ఒప్పుకోవాలి. ఇంకేముంది?"

గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాను. పొడుగుపిల్ల అక్కడ ఉంటే బాగుండేది, వినేది.

మిగతావాళ్ళు పాసైనప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కొట్టలేదు. చాలామంది గడ్డి వైపు చూస్తూ నిలబడ్డారు. పెద్దదాన్ని కదా, మొహమాటపడి ఉంటారు.

వీడియో ఫోన్లోకి పంపించాడు. "ఒక్కరే చూడకండాంటీ" అన్నాడు.

ఆగస్టు 31

చూశాను.

సెప్టెంబరు 1

కెమెరా పక్కవాటుగా ఉంది. పక్క నుంచి తీస్తే ఎవరు ముందో ఎవరు వెనకో సరిగ్గా తెలియదు. రోజూ కళ్ళతో పనిచేసేదాన్ని, నాకు తెలుసు.

సెప్టెంబరు 2

మళ్ళీ చూశాను. షాపులో లెన్సులు అరగదీసే గదిలో, మిషను ఆన్ చేసి. పక్కవాటుగా ఉంది.

సెప్టెంబరు 3

పక్కవాటుగా లేదు.

సెప్టెంబరు 6

రాస్తాను. రాయకపోతే రేపు మళ్ళీ కాదంటాను.

డిస్కు బాగా పైకి లేచి గాలిలో తేలుతూ వస్తుంది. పొడుగుపిల్ల దాని కిందే నిలబడి ఉంది, తలెత్తి చూస్తూ. నిలబడ్డ చోటే నిటారుగా ఎగిరింది. గువ్వ వెనక నుంచి వచ్చింది. ఎంత వేగంగా వచ్చిందో! చిన్నప్పుడు బడి వదలగానే నా వైపు అలాగే వచ్చేది, ముందూ వెనకా చూసుకోకుండా. కళ్ళు పైకి, డిస్కు మీద. ముందున్న మనిషిని చూడనే లేదు. ఎగిరి ఆ పిల్ల వీపుకి గుద్దుకుంది. గాలిలోనే తలకిందులైంది. తర్వాతది రాయను.

పొడుగుపిల్ల కూడా పడింది, ముందుకి, మోకాళ్ళ మీద. లేచి, ఒక చెయ్యి నడుముకి పెట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి ఫౌల్ అంది. అప్పటికింకా వెనక్కి తిరగలేదు. గువ్వని చూడలేదు. దెబ్బ తగిలిన ఎవరైనా అన్నట్టే అంది.

అప్పుడు తిరిగింది. చుట్టూ అందరూ పరిగెత్తుకొస్తున్నారు. ఆ పిల్ల మాత్రం కదల్లేదు. ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయింది. వీడియో అయిపోయేదాకా ఆ చెయ్యి పైనే ఉంది.

వెనక నుంచి వచ్చినవాడిది తప్పు. నేనే చెప్పాను. అందరూ గడ్డి వైపు ఎందుకు చూశారో ఇప్పుడు తెలిసింది.

ఇవాళ సాయంత్రం ఆయన ముందు ఫోన్ పెట్టాను. "ఇది చూడండి" అన్నాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "చూశాను" అన్నారు.

"ఎప్పుడు?"

"మొదటి వారంలోనే. ఆ కుర్రాణ్ణి అడిగి చూశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తెలిసీ నాకు చెప్పలేదా? నన్నా టైల్సు షాపుకి పోనిచ్చారు. పరీక్షకి పోనిచ్చారు. పదిమందిలో నా నోటితోనే నా కూతుర్ది తప్పని చెప్పించారు!"

"పరీక్షకి వెళ్తున్నావని తెలియదు. రోజూ కూరలకంటే కూరలకే అనుకున్నాను. ఫ్రిజ్ నిండా కూరలే కదా."

అంత కోపంలోనూ నవ్వొచ్చింది. నవ్వు కాదది, ఏమిటో. తర్వాత ఆయన కిటికీ వైపు తిరిగి అన్నారు.

"నీకు కోప్పడ్డానికి ఒక మనిషి కావాలి కదా. ఆ పిల్ల మీద కోపంతోనే నువ్వు లేచి స్నానం చేసి షాపుకి వెళ్తున్నావు. అదీ తీసేస్తే నీ దగ్గర ఏం మిగుల్తుందోనని భయమేసింది."

"మీకెవరున్నారు మరి, కోప్పడ్డానికి?"

"ఎవరూ లేరు" అన్నారు.

కూతురు ఆయనది కాదన్నట్టున్నారని రాశాను పైన. కొట్టెయ్యడం లేదు. ఉండాలి అది.

సెప్టెంబరు 7

వంట చేశాను. ఇద్దరం తిన్నాం.

సెప్టెంబరు 9

షాపుకి వెళ్ళలేదు.

సెప్టెంబరు 13

పొడుగుపిల్ల షాపుకి వచ్చింది.

ఓనరుగారు లోపలికి పంపించారు, ఆయనకేం తెలుసు. "చూపు పరీక్ష చేయించుకోవాలండీ" అంది, గుమ్మంలోనే నిలబడి. నేను టైల్సుకి వెళ్ళినట్టే వచ్చిందన్నమాట. కూర్చోమన్నాను. కూర్చుంటే నా ఎత్తుకి వచ్చింది. ఫ్రేము పెట్టాను. చెవుల వెనక పెడుతుంటే వేళ్ళకి తగిలింది, ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం కాదు, భయం.

"ఆ గోడ మీద అక్షరాలు చదువమ్మా."

చదవలేదు. "ఆంటీ, మీరు రూల్సు పరీక్ష పాసయ్యారట" అంది.

"అవును."

"నేను ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అలా తీసుకోవచ్చు. మీకు తెలుసు కదా. అది ఫౌల్ కాదు. నాదే తప్పు. నేనే పక్కకి జరగాల్సింది. తను వస్తోందని... నాకు తెలుసు. అడుగుల చప్పుడు వినపడింది. జరగలేదు. అందరికీ చెబుతాను. రాసిమ్మన్నా ఇస్తాను."

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. ఒక్క అక్షరం పొల్లుపోకుండా అదే. తెచ్చి నా చేతిలో పెట్టింది. తీసుకుంటే చాలు. నా పిల్ల ఏ తప్పూ చెయ్యలేదని ఈ ఊరంతా చెప్పుకుంటుంది.

"అడుగుల చప్పుడు వినపడిందా నిజంగా?" అన్నాను.

ఫ్రేము సర్దుకుంది.

"అందరూ అరుస్తున్నారు. వీడియోలో గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. నీకెలా వినపడిందమ్మా?"

"మీరు చూశారా?" అంది.

"చూశాను. చాలాసార్లు చూశాను. నువ్వు నీ చోట్లోనే ఉన్నావు. నిటారుగా ఎగిరావు. అది వెనక నుంచి వచ్చింది."

"వద్దాంటీ. అలా అనకండి. మీరలా అనొద్దు."

"చూసుకోవలసింది అది."

ఆ మాట అంటుంటే నోట్లో రాళ్ళు నములుతున్నట్టుంది. పక్కింటివాళ్ళతో, బళ్ళో టీచర్లతో, వాళ్ళ నాన్నతో, ఎవరితో తగువొచ్చినా ఏనాడూ నేను నా పిల్లది తప్పని ఒప్పుకోలేదు. ఇంటికి తీసుకొచ్చి తలుపేసి నాలుగు వేసేదాన్ని గానీ, బయట మాత్రం దాని పక్షమే.

"నువ్వు ఫౌలన్నావు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదమ్మా. అది చెప్పలేకపోయింది. ఉంటే ఒప్పుకునేది. కెప్టెన్నే వదిలిపెట్టనిది, తనని తను వదిలిపెట్టుకుంటుందా? దాని తరఫున నేను ఒప్పుకుంటున్నాను. నువ్వన్నది సరైనదే. తప్పు మా అమ్మాయిది."

ఆ పిల్ల ఏడ్చింది. ఫ్రేములో ఉన్న లెన్సుల మీద ఆవిరి పట్టి కళ్ళు కనపడకుండా పోయాయి. పొడుగు మనిషి అంత చిన్నగా ముడుచుకుపోవడం నేనెప్పుడూ చూడలేదు. వీపు నిమరాలనుకుని చెయ్యి వేశాను. గువ్వ గుద్దుకున్నది అక్కడే. చెయ్యి తియ్యలేదు.

"నేను తనని చూడకుండా ఫౌలన్నాను ఆంటీ. తిరిగి చూసి ఉంటే అనేదాన్ని కాదు. తనకి వినపడిందంటారా?"

"తెలియదమ్మా" అన్నాను. వినపడలేదని చెప్పొచ్చు. కానీ ఇద్దరం అంత దూరం వచ్చాక అబద్ధం ఎందుకనిపించింది.

తర్వాత లెన్సులు తుడిచి నిజంగానే పరీక్ష చేశాను. ఆఖరి వరస దాకా చదివింది. "నీ చూపు బాగుంది. కళ్ళజోడు అక్కర్లేదు" అని పంపించాను.

మళ్ళీ ఆడమని చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. అంత మంచిదాన్ని కాను.

సెప్టెంబరు 14

ఆయనకి చెప్పాను. విని, నా పక్కన కూర్చున్నారు. టీవీ పెట్టలేదు, పేపరు తియ్యలేదు.

సెప్టెంబరు 17

ఇప్పుడు ఎవరి మీదా కోపం లేదు. ఆయన భయపడ్డట్టే ఉంది. పొద్దున లేవడానికి ఏమీ దొరకడం లేదు.

సెప్టెంబరు 21

ఆదివారం. గువ్వ గది కిటికీలు తీశాం. పరుపు చెమ్మ వాసనేస్తోంది, డాబా మీద ఎండలో వేద్దామన్నారు ఆయన. ముందు నేను పట్టుకున్నాను, వెనక ఆయన. మెట్ల మలుపులో అది వంగి గోడకీ రెయిలింగుకీ మధ్య ఇరుక్కుపోయింది. పైకీ పోదు, కిందికీ రాదు.

"కొంచెం ఎత్తు" అన్నారు.

"ఎత్తాను."

"ఇంకా ఎత్తు."

"నాకంత బలం లేదండీ."

అలా నిలబడి ఉండగా, ఎక్కణ్ణుంచి వచ్చిందో, నోట్లోంచి వచ్చేసింది.

"ఎందుకు ఎగిరావే? ఆ ఒక్కటీ వదిలేస్తే ఏం పోయేదే నీకు? నేల మీద పడేది, అవతలివాళ్ళు తీసుకునేవాళ్ళు, అంతేగా! ముందు మనిషి ఉంది, కళ్ళు కనపళ్ళేదా? పదిమందికి రూల్సు చెప్పేదానివి. వాళ్ళనీ వీళ్ళనీ ఫెయిల్ చేసేదానివి. నీకెక్కడికి పోయింది బుద్ధి? ఎన్నిసార్లు చెప్పాను చూసుకుని పరిగెత్తవే అని? ఒక్కసారి విన్నావా నా మాట? ఒక్కసారి?"

కింద ఇంటివాళ్ళ తలుపు తెరుచుకుని మూసుకుంది. నేను ఆపలేదు. అది పోయాక దాన్ని తిట్టడం ఇదే మొదలు. పోయినవాళ్ళని తిట్టకూడదని నోరు కుట్టేసుకుని ఉన్నాను ఇన్నాళ్ళూ. తిడుతుంటే అది గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ, "సర్లేమ్మా, సర్లే" అంటున్నట్టే ఉంది.

ఊపిరందక ఆగాను. పరుపు అవతల ఆయన ఉన్నారు, కనపడరు. చప్పుడు లేదు. వెళ్ళిపోయారేమో అనుకున్నాను. అంతలో గొంతు వినపడింది, తడిసి ముద్దైన గొంతు.

"నా తరఫున కూడా తిట్టు. నాకు తిట్టడం చేతకాదు."

తిట్టాను.